మాట వినని కాళ్లు

మా దమారిస్ మీద వాళ్ల టీచరు చెప్పిన ఫిర్యాదులన్నిటినీ నాకు స్పానిష్‌లో వినిపించింది దమారిసే.

ఆగస్టు నెల. బడులు తెరిచి ఎన్నాళ్లో కాలేదు. మేముండే హాచ్ లోయలో మిరప కోతలు మొదలై, రోడ్డు పొడవునా కాల్చిన మిరపకాయల వాసన నిండిపోయిన రోజులు. కబురు రాగానే చేతులు కడుక్కుని, వేళ్ల మంట తగ్గకుండానే బడికి పరుగెత్తాను. మిస్ హాలొరన్ ఆ ఏడే ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన టీచరు. ఆమెకు స్పానిష్ రాదు. నా ఇంగ్లీషు మిరపకాయలు అమ్మడానికి సరిపోతుంది గాని, బిడ్డ గురించి మాట్లాడటానికి చాలదు. బళ్లో స్పానిష్ తెలిసిన ఆవిడ ఆ రోజు సెలవు పెట్టింది. అందుకని తొమ్మిదేళ్ల పిల్లను తెచ్చి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు.

ఇంకో పిల్లయితే సగం దాచేది. దమారిస్‌కు దాచడం చేతకాదు. కుర్చీ అంచున కూర్చుని, కాళ్లూపుతూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. తను కుదురుగా కూర్చోదట. ఆవిడ చెబుతుంటే మధ్యలో అందుకుంటుందట. లెక్కలు మొదలుపెడుతుంది గాని పూర్తి చెయ్యదట. పక్కపిల్లల పెన్సిళ్లు లాక్కుంటుందట. అంతా అయ్యాక తన తరఫున ఇంకో మాట చేర్చింది.

"అదంతా నిజమేలే అమ్మా. నిన్న కిటికీలోంచి బయటికి దూకాను కూడా. అది ఆవిడకింకా తెలీదు."

నవ్వు ఆపుకున్నాను. టీచరు ఈసారి నెమ్మదిగా, నా కళ్లలోకి చూస్తూ ఏదో చెప్పింది. దమారిస్ వెంటనే మార్చి చెప్పలేదు. ఏమంటోందని నేనే అడగాల్సి వచ్చింది.

"నాలో ఏదో ఉండొచ్చంట. దానికో పేరుందంట. డాక్టరు చూసి చెప్పాలంట." పిల్ల కాళ్లూపడం ఆపింది. "నాలో ఏముందమ్మా?"

"నీలో పొడుగాటి నాలుక ఉంది. అది నువ్వు పుట్టినప్పుడే చూశాను," అన్నాను. దానికి కాస్త నవ్వొచ్చింది. అప్పుడు టీచరు వైపు తిరిగి, నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ కూడదీసుకుని, ఈసారి మాట్లాడాలంటే మధ్యలో పెద్దమనిషిని పెట్టండి, నా కూతుర్ని కాదు అని చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. తప్పయిందని రెండుసార్లు అంది. మంచి మనిషే. ఆ రోజు మా ముగ్గురిలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు, అంతే.

మాకు సొంత పొలం లేదు. రైతుల దగ్గర గోనెల లెక్కన పచ్చిమిరప కొని, రోడ్డు పక్క రేకుల షెడ్డులో కాల్చి అమ్ముతాం. ఇనుప జాలీ పీపాలో కాయలు పోసి, కింద గ్యాసు మంట పెట్టి తిప్పడం నా భర్త ఎఫ్రాయిన్ పని. కాలిన కాయల్ని సంచుల్లో వేసి, వచ్చినవాళ్లతో బేరం చెయ్యడం నా పని. ఆ రెండు మూడు నెలల సంపాదనే మాకు ఏడాదంతా ఆధారం. అందుకని ఆ రోజుల్లో తెల్లవారక ముందే ఇద్దరం ఇల్లు వదిలేవాళ్లం. ఇల్లూ పిల్లా మా అత్త డోన్యా చోలే చేతిలో ఉండేవి. మామ పోయాక ఆవిడ సరిహద్దు అవతల చివావా కొండల్లోని ఊరు వదిలి మా దగ్గరికొచ్చింది.

బడి సంగతి చెబితే ఎఫ్రాయిన్ గోనె దించుతూనే విన్నాడు. విని, అది తన పోలికేనని గర్వంగానే అన్నాడు. తనూ అంతేనట, ఒక్కచోట నిలిచేవాడు కాదట, తనకేం జబ్బుందట. నేను డాక్టరు మాట ఎత్తేసరికి మాత్రం గోనె కింద పడేశాడు.

"వాళ్లు దాన్ని పిచ్చిదంటున్నారు, నువ్వు తలూపి వచ్చావు. నా కూతురు పిచ్చిది కాదు, నొహెమీ."

డోన్యా చోలే ఉద్దేశంలో తప్పంతా నాది. ఆ పిల్లకు భయం లేదు, భయం పెట్టే తల్లి రోజంతా రోడ్డు మీద ఉంటుంది, భయం పెడితే జబ్బు దానంతటదే పోతుందని ఆవిడ తీర్పు చెప్పింది. చర్చిలో ఆడవాళ్లు తలా ఒక కారణం చెప్పారు. మిఠాయిలన్నారు, టీవీ అన్నారు, దిష్టి అన్నారు. నేను ఎవరి మాటా తీసెయ్యలేదు. మిఠాయిలు మాన్పించాను. టీవీ కట్టేశాను. గుడ్డుతో దిష్టి కూడా తీయించాను. మిఠాయి తినకుండా కూడా దమారిస్ అంతే వేగంగా పరుగెత్తింది.

ఒక బూటు వేసుకునేలోపు కోళ్లు గుర్తొచ్చేవి, ఒంటి బూటుతోనే దొడ్లోకి పోయేది. అడిగిన ప్రశ్నకు జవాబు వినకుండానే ఇంకోటి అడిగేది. దీపం దగ్గర చచ్చిపోయిన చిమ్మట పురుగు కోసం పొద్దున్నంతా ఏడ్చేది. ఇంట్లో, బళ్లో, బస్సులో, అందరి చేతా తిట్లు తిని వచ్చి, పడుకునే ముందు నన్ను అడిగేది, ఈ రోజు నేను మంచిగా ఉన్నానా అని. ఉన్నావనే చెప్పేదాన్ని. నమ్మేది కాదు.

సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవులకు జనం ఎల్ పాసో నుంచీ, ఇంకా దూరాల నుంచీ మా లోయకు వస్తారు. ఆ శనివారం రోడ్డుకు రెండు వైపులా కార్లే. షెడ్డు ముందు వరస. డోన్యా చోలేకు కీళ్ల నొప్పి ఎక్కువై, దమారిస్‌ను మాతోనే తెచ్చుకున్నాం. సంచులకు మూతులు కట్టే పని ఇచ్చాను. కాసేపు బాగానే కట్టింది. రోడ్డవతల ఎవరో కారు తలుపు తెరిచారు, అందులోంచి ఒక కుక్కపిల్ల దూకింది.

నేను తలెత్తేసరికి పిల్ల రోడ్డు మధ్యలో ఉంది. ఉల్లిపాయల లారీ ఒకటి కీచుమని అడ్డంగా తిరిగి ఆగింది. లారీ మీది గడ్డలు రోడ్డంతా దొర్లాయి. కుక్కపిల్ల అవతలి గట్టునే ఉంది. దమారిస్ లారీ ముందు చక్రానికి చేతిదూరంలో నిలబడి ఉంది.

ఎఫ్రాయిన్ పీపా వదిలేసి పరుగెత్తి, పిల్లను రెక్క పట్టుకుని షెడ్డు వెనక్కి ఈడ్చుకుపోయాడు. నేను వెళ్లేసరికి బెల్టు ఊడదీసి చేతికి చుట్టుకుంటున్నాడు. అతనెప్పుడూ పిల్ల మీద చెయ్యి చేసుకోలేదు. దమారిస్ ఏడవట్లేదు, పారిపోవట్లేదు.

"ఆగమని నేనే చెప్పాను నాన్నా," అంది. "నా కాళ్లకి చెప్పాను. అవి వినేలోపు రోడ్డు మీదున్నాను."

వెనక పీపాలో కాయలు మాడి బొగ్గయిన కమురు వాసన వస్తోంది. ఎఫ్రాయిన్ బెల్టును మళ్లీ ప్యాంటు లూపుల్లోకి దోపుకున్నాడు. తొందరలో వెనక ఒకటి వదిలేశాడు. తర్వాత రోడ్డు మీదికి పోయి, లారీ డ్రైవరుతో కలిసి ఉల్లిగడ్డలు ఏరి ఎక్కించాడు.

అతను తిరిగొచ్చాక నేను గొంతు పెంచకుండా చెప్పాను. సోమవారం సెలవు గనుక మంగళవారం డాక్టరుకు ఫోను చేస్తున్నాను, నువ్వొచ్చినా రాకపోయినా పిల్లను తీసుకెళ్తున్నాను అన్నాను. అతను మాడిన కాయల్ని పారతో గుంతలోకి తోస్తూ ఉన్నాడు. వెళ్లాల్సిన రోజు పొద్దున మాత్రం, పని చొక్కా కాకుండా చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని, ట్రక్కు స్టార్టు చేసి కూర్చున్నాడు.

లాస్ క్రూసెస్‌లోని ఆ డాక్టరు పేరు ఉరియాస్. చిన్న వయసు మనిషి, సరిహద్దు అవతలి హువారెస్‌లో పుట్టింది, మా భాషే మా యాసలోనే మాట్లాడింది. దమారిస్‌తో ఆడి, మాట్లాడి, పక్క గదిలో నర్సు దగ్గర కూర్చోబెట్టాక మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. కూర్చోవలసిన చోట లేచి తిరుగుతుందా అని అడిగింది. తిరుగుతుందన్నాను. ఎదుటివాళ్లు చెబుతుంటే మనసు ఎటో పోతుందా అంది. పోతుందన్నాను. వస్తువులు పారేసుకుంటుందా, వంతు వచ్చేదాకా ఆగలేదా, ఒక పని మధ్యలో వదిలి ఇంకోటి పట్టుకుంటుందా అని అడుగుతూ పోయింది.

అన్నిటికీ నేనే జవాబులు చెప్పాను. మధ్యలో ఒకసారి ఎఫ్రాయిన్‌ను కూడా అడుగుదామని డాక్టరు తలెత్తింది. నా పక్క కుర్చీ ఖాళీ. అతను కిటికీ దగ్గర నిలబడి, తెర తాడును వేలికి చుడుతూ విప్పుతూ బయటికి చూస్తున్నాడు. అంతకుముందు గోడ మీది పటాల దగ్గరికీ, తలుపు దగ్గరికీ తిరిగొచ్చిన సంగతి నాకప్పుడు తెలిసింది. డాక్టరు చూసింది. నేను చూశాను. మేమిద్దరం చూడటం అతనూ చూశాడు. అతను తాడు వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

దాన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పిందావిడ. పిచ్చి కాదంది, పెంపకం లోపం కాదంది. ఆ మాట రాసిమ్మని అడగాలనిపించింది నాకు, డోన్యా చోలేకు చూపించడానికి. మెదడులో ఆగు అని చెప్పే భాగం కొంచెం ఆలస్యంగా అందుకుంటుందట. రక్తంలో వచ్చేది చాలాసార్లు. చిన్న మోతాదులో మందు మొదలుపెడదాం, బడిలో కొన్ని మార్పులు, ఇంట్లో కొన్ని మార్పులు చేద్దామంది.

ఎఫ్రాయిన్ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, పెద్దయ్యాక అది పోతుందా అని.

"కొందరికి తగ్గుతుంది. కొందరు దాంతోనే పెద్దవాళ్లవుతారు," అంది డాక్టరు. "ఇల్లు నడుపుతారు, వ్యాపారం నడుపుతారు, పిల్లల్ని పెంచుతారు. కాకపోతే మిగతావాళ్ల కంటే ఎక్కువ అలిసిపోతారు. ఎందుకు అలిసిపోతున్నారో వాళ్లకి ఎవరూ చెప్పరు."

తిరుగు దారిలో ఎవరి ఆలోచన వాళ్లది. వెనక సీట్లోంచి దమారిస్, మన ఊరి మలుపు దాటిపోయింది నాన్నా అంది. చాలా దూరమే దాటిపోయాం. ఎఫ్రాయిన్ ట్రక్కు పక్కకాపి, స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకో తెలియకపోయినా పిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది. నా పోలికని చెప్పానుగా అన్నాడు ఎఫ్రాయిన్. ఈసారి ఆ మాటలో గర్వం లేదు, సిగ్గు కూడా లేదు.

మందు మొదటి రోజులు బాగాలేవు. పొద్దున నేను కట్టిచ్చిన టోర్టియా రొట్టెలు కట్టినట్టే తిరిగొచ్చేవి. పిల్ల ఒక మూల కూర్చుని గోరు కొరుక్కునేది. కోళ్ల దగ్గరికి పోయేది కాదు. పిల్లను బొమ్మను చేశారని డోన్యా చోలే కళ్లు తుడుచుకుంది. నాకూ భయం వేసింది గాని, భయపడి మానెయ్యలేదు. డాక్టరుకు ఫోను చేశాను. మోతాదు తగ్గించింది, మాత్రకు ముందే కడుపు నిండా పెట్టమంది. క్రమంగా పిల్ల తన గొంతుతో తను మాట్లాడసాగింది. బళ్లో స్పానిష్ వచ్చిన ఆవిడను దగ్గర పెట్టుకుని మిస్ హాలొరన్‌తో రెండోసారి మాట్లాడాను. దమారిస్‌ను ముందు వరసలోకి మార్చింది. కూర్చోలేనప్పుడు నిలబడి రాసుకోనిచ్చింది.

ఒక సాయంత్రం బస్సు దిగి నేరుగా షెడ్డుకొచ్చి, పిల్ల నాకు పెద్ద వార్త చెప్పింది.

"అమ్మా, ఈ రోజు మిస్ హాలొరన్ చెప్పిందంతా మొదట్నుంచీ చివరిదాకా విన్నాను. ఆవిడ భలే విసుగొచ్చేలా చెబుతుంది తెలుసా."

పచ్చికాయలు పోయి ఎర్రకాయలు వచ్చే అక్టోబరులో అంతా మళ్లీ మొదటికొచ్చింది. బడి నుంచి ఫోన్లు. పిల్ల గదిలోంచి పారిపోతోందట, ఒకడిని తోసేసిందట. ఇలాగే ఉంటే విడిగా ఉండే గదికి మార్చక తప్పదని ప్రిన్సిపాలు అంటున్నాడట. ఆ గది నేను చూశాను. కిటికీల్లేవు. పెద్దపిల్లలు నలుగురు బల్లల మీద తలలు వాల్చుకుని ఉంటారు. మందు పనిచెయ్యడం మానేసిందేమోనని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, పొద్దున మాత్ర వేసుకున్నాక ఎలా ఉంటోందని.

దమారిస్ నా మొహం చూడకుండా చెప్పింది.

"నానమ్మ ఇవ్వట్లేదు. నీకు చెప్పొద్దంది. చెప్పనని ఒట్టేశాను." ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడు చెప్పేశాను," అంది.

డోన్యా చోలే వంటింట్లో బల్ల ముందు కూర్చుని కాల్చిన మిరపకాయల తొక్క తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని అడిగాను. ఆవిడ కాదనలేదు. చెయ్యి తుడుచుకుని, ఏప్రను జేబులోంచి చేతిరుమాలు మూట తీసి బల్ల మీద పెట్టింది. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి.

"పారెయ్యలేదు. మీ కష్టార్జితం గనక దాచాను," అంది. "మా చిన్నవాడు బెతో కూడా మత్తుమందులు మాత్రలతోనే మొదలుపెట్టాడమ్మాయ్. హువారెస్‌లో రోడ్డు పక్కన వాడి శవాన్ని గుర్తుపట్టింది నేను. నువ్వు కాదు."

ఇది వేరు, అది వేరు అని చెప్పబోయాను గాని, ఆ మాట అప్పుడు ఎంత చిన్నదో నాకే వినిపించింది. తల తిప్పితే గుమ్మంలో ఎఫ్రాయిన్ ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. నేను కాపురానికొచ్చింది మొదలు అతను తల్లికి ఎదురు మాట్లాడగా చూడలేదు. ఆవిడ ముందు అతని గొంతే మారిపోతుంది, చిన్నపిల్లాడిలా.

"అమ్మా," అన్నాడు. "నన్ను మంచం కోడుకి కట్టేసిన తాడు నీకు గుర్తుందా?"

ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"అది మేక తాడు. దాని వాసన నాకింకా గుర్తుంది," అన్నాడు. కోపంగా అనలేదు. ఏ రోజుదో ఎండ గురించి చెప్పినట్టు అన్నాడు.

"మరేం చెయ్యమంటావు?" అంది డోన్యా చోలే. "మీ నాన్న గనుల్లో. చంకలో బెతో. మొక్కజొన్న పొత్తులు విరిచే రోజులు. నువ్వు బావి వైపు పోయేవాడివి, ఎన్నిసార్లు లాక్కొచ్చానో ఆ దేవుడికే తెలుసు. నా దగ్గర తాడు తప్ప ఇంకేముందిరా?"

"నీ దగ్గర లేదమ్మా. తెలుసు. నేను నిన్ననడం లేదు." అతను వచ్చి రుమాలు మూట మీద వేలు పెట్టాడు. "నా దగ్గర ఉంది."

దొడ్లో దమారిస్ కోళ్లతో ఏదో వాదిస్తోంది. డోన్యా చోలే చేతిలోని కాయ తొక్క పూర్తిగా తీసి గిన్నెలో వేసింది. తర్వాత తడి చేత్తోనే ఆ మూటను నా వైపు జరిపింది. నేను మళ్లీ ఆవిడ వైపే జరిపాను. పొద్దున ఇంట్లో ఉండేది మీరే గదా, మీ చేత్తోనే ఇవ్వండి అన్నాను. ఆవిడ మూట అందుకుంది. మళ్లీ జేబులో పెట్టుకుంది.

మర్నాడు నేను కావాలనే ఆలస్యంగా బయల్దేరాను. డోన్యా చోలే పిల్ల ముందు గుడ్లూ చిక్కుళ్లూ పెట్టి, మొత్తం తినేదాకా నిలబడింది. తర్వాత అరచేతిలో మాత్ర పెట్టుకుని, దాని మీద సిలువ గుర్తు వేసి, పిల్ల నోట్లో వేసింది. మందు బుడ్డి మీద అలాంటి సూచన ఏమీ లేదు గాని, నాకు అభ్యంతరం లేదు.

ఆ వారమే మేమిద్దరం బడికి వెళ్లాం. ఎఫ్రాయిన్ బడి మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. మాత్రలు ఆగిపోయిన సంగతి ఏమీ దాచకుండా చెప్పాను. స్పానిష్ వచ్చిన ఆవిడ పక్కన కూర్చుని ఒక్కొక్క ముక్కా ఇంగ్లీషులో అందించింది. పిల్లను వేరే గదికి పంపడానికి నేను ఒప్పుకోను, ఇంట్లో ఏం మార్చాలో చెప్పండి మేం మారుస్తాం, బళ్లో మార్చాల్సింది మీరు మార్చండి అన్నాను. ప్రిన్సిపాలు మిస్ హాలొరన్ వైపు చూశాడు. తన గదిలోనే ఉంచుకుంటానని ఆమె అంది. క్రిస్మస్ దాకా చూద్దామన్నాడు ఆయన. చూడండి అన్నాను. నాకు బెదురు అనిపించలేదు. నా కూతురి గురించి ఆ గదిలో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు.

నవంబరులో మంచు పడి సీజను ముగిసింది. పీపా కడిగి బోర్లించాం. మిగిలిన ఎర్రమిరపకాయల్ని దండలు కట్టి అమ్మడానికి అందరం వసారాలో కూర్చున్న ఆదివారం, డెమింగ్ నుంచి ఎఫ్రాయిన్ అక్క అంపారో వచ్చింది. మాటల మధ్య దమారిస్ మందు సంగతి తెలిసి, ఆవిడ జాలిగా నాలుక చప్పరించింది.

"ఇంత చిన్నపిల్లకి మాత్రలా? మన రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి? అమ్మ ఎఫ్రాయిన్‌ని మంచం కోడుకి కట్టేసేది, అంతే." ఆవిడ సరదాగానే నవ్వింది. "ఇప్పుడేమైంది, బాగానే ఉన్నాడుగా."

ఎఫ్రాయిన్ పురికొస అయిపోయిందని లేచి గుమ్మం దాకా వెళ్లాడు. డోన్యా చోలే దండ కట్టడం ఆపలేదు, తలెత్తలేదు.

"బాగానే ఉన్నాడో లేదో వాడినెప్పుడైనా అడిగామా?" అంది.

అంపారో నవ్వు సగంలో ఆగింది.

"పురికొస నా ఒళ్లో ఉందిరా," అంది డోన్యా చోలే కొడుకుతో. "ఇటు రా. ఇన్నాళ్లకి అడుగుతున్నాను. చెప్పు."

ఎఫ్రాయిన్ గుమ్మానికి ఆనుకున్నాడు. దొడ్లోంచి దమారిస్ వచ్చి అతని చేతి కింద దూరి నిలబడింది. అప్పుడు మొదలుపెట్టాడు, చిన్నప్పుడు తను బడి మానేసిన రోజు నుంచి. మేం దండలు కడుతూ విన్నాం.